ఆ రాళ్లు లివర్‌లోవి కావమ్మా

ప్రశ్న: మేడమ్, మావారికి 42 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మందు, సిగరెట్ అలవాట్లు లేవు. బరువు 84 కిలోలు. ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో గ్రేడ్-2 ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకుందని వచ్చింది. రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ 78 ఉంది, ఉండాల్సినదానికన్నా ఎక్కువట. ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ (విరేచనాలయ్యే ఉప్పు) తాగితే లివర్ శుభ్రపడుతుందని, రాళ్లు కూడా పడిపోతాయని స్నేహితుడు వీడియో పంపాడు. ఈ ఆదివారం మొదలుపెడతానంటున్నారు. మా అత్తగారేమో ఊరి నుంచి నేల ఉసిరి పసరు, తిప్పతీగ పొడి తెచ్చారు. ఏది మంచిది? రోజుకు మూడుసార్లు కాఫీ తాగుతారు, అది కూడా మాన్పించాలా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. ఆదివారం దగ్గరపడుతోంది కాబట్టి ముందు ఆ నూనె సంగతి చెప్తాను.

వీడియోలో చూపించే రాళ్లు నిజంగానే పడతాయి. ఆకుపచ్చగా, బఠాణీ గింజంత ఉంటాయి, వేలితో నొక్కితే మెత్తగా నలుగుతాయి. డైటీషియన్‌గా లివర్ వార్డులో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను, అలాంటివి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెచ్చి చూపించినవాళ్లున్నారు. 2005లో న్యూజిలాండ్ డాక్టర్లు ఒకావిడ తెచ్చిన ఇలాంటి రాళ్లనే పరీక్ష చేయించారు. 40 డిగ్రీల వేడికే పది నిమిషాల్లో కరిగి పచ్చటి నూనె అయిపోయాయి. పిత్తాశయం రాళ్లలో ఉండాల్సిన కొలెస్ట్రాల్, బిలిరుబిన్, కాల్షియం ఒక్కటీ వాటిలో లేదు. తాగిన నూనె, నిమ్మరసంలోని పొటాషియంతో కలిసి పేగులో సబ్బులా గడ్డకట్టిందని తేలింది. మీవారు తాగినా అవే పడతాయి, లివర్ శుభ్రమైందని సంబరపడతారు, లోపలి కొవ్వు మాత్రం గ్రాము కూడా తగ్గదు. పైగా పిత్తాశయంలో నిజంగా రాళ్లున్న మనిషి అంత నూనె ఒక్కసారే తాగితే ఓ రాయి జారి నాళంలో ఇరుక్కోవచ్చు. అప్పుడు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

ఇక పసరు. అత్తగారిని ఏమీ అనకండి, కొడుకు మీద ప్రేమతోనే తెచ్చారు. నేల ఉసిరి మీద నమ్మకం ఊరికే రాలేదు. పచ్చకామెర్లకు పసరు పోయించుకుని లేచి తిరిగినవాళ్లు ఏ ఊళ్లో అయినా ఉంటారు. అయితే కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వచ్చింది. శాస్త్రవేత్తలు దాన్ని పట్టించుకోలేదనడానికీ లేదు. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరి హెపటైటిస్-బికి పనిచేస్తోందని లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు, ఆ వైరస్‌ని గుర్తించి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా వారిలో ఒకరు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు.

తిప్పతీగ విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఇవ్వకండి. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని కషాయం తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ల వివరాలను 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు. ఆ తర్వాత ఇతర నగరాల నుంచీ అలాంటివే వచ్చాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా తేలినా, ఎస్‌జీపీటీ ఇప్పటికే 78 ఉన్న మనిషి మీద ప్రయోగం చేయడానికి నా మనసొప్పదు. ఇప్పటికే నాలుగు రోజులు తాగించి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. తిడతారేమోనని దాచిపెట్టేవాళ్లను చూస్తే నాకు భయం, కారణం దొరక్క వైద్యం ఆలస్యమైపోతుంది.

మీరు అడగలేదు గానీ, పార్కు గేట్ల దగ్గర పొద్దున్నే అమ్మే సొరకాయ రసం కూడా వద్దు. కూరకు సొరకాయ ఎంతో మంచిది. చేదు సొరకాయ రసం మాత్రం విషం, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా హెచ్చరించింది. ఇంట్లో కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదు తగిలితే కాయంతా పారేయండి.

మందు తాగని మనిషికి కొవ్వు ఎక్కడిదని మీకు అనిపించి ఉంటుంది. ఒంటికి అక్కర్లేనంత పిండిపదార్థం, చక్కెర తింటే లివరే దాన్ని కొవ్వుగా మార్చి తనలో దాచుకుంటుంది. ఐటీ ఉద్యోగుల రోజు నాకు తెలిసిందే. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు నిండా అన్నం, దాని మీద నాలుగు చెంచాల పప్పు. సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. రాత్రి పదిన్నరకు ఆర్డర్ పెట్టిన బిర్యానీ. మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే ఇక్కడే మొదలుపెట్టండి. డబ్బాలో అన్నం ఒక కప్పుకు దించి పప్పు, కూర రెట్టింపు చేయండి. కూకట్‌పల్లి రైతు బజారులో తోటకూర, బచ్చలి, గోంగూర వారమంతా మార్చి మార్చి తీసుకోండి. రాత్రి ఎనిమిదిలోపు రెండు జొన్నరొట్టెలు, కూర, ఓ గ్లాసు మజ్జిగ. పండు కొరికి తినాలి, జ్యూస్ చేయొద్దు. కూల్‌డ్రింకులు పూర్తిగా బంద్. బిర్యానీ నెలకోసారి తినమనండి, నోరు కట్టేస్తే ఎవరూ నిలబడరు.

బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వూ వాపూ బాగా దిగుతాయి. మీవారి లెక్కన 6 నుంచి 8 కిలోలు. నెలకు రెండు కిలోలు చాలు. పస్తులుండి గబగబా తగ్గితే లివర్‌కే కష్టం, పిత్తాశయంలో రాళ్లు కూడా పడతాయి. రోజూ అరగంట చెమట పట్టేలా నడవాలి.

డాక్టర్ని మూడు అడగండి: హెపటైటిస్-బి, సి పరీక్షలు, మూడు నెలల షుగర్ సగటు, ఫిబ్-4 లెక్క. ఈ చివరిది వయసు, లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో వేస్తారు, వేరే ఖర్చు ఉండదు. 1.3 లోపు వస్తే లివర్ గట్టిపడే ప్రమాదం తక్కువ. దాటితే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించండి. హెపటైటిస్-బి లేదని తేలితే టీకా వేయించండి. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో తయారుచేశాక ఆ టీకా సామాన్యులకు అందే ధరకు వచ్చింది.

కాఫీ మాన్పించకండి. కాఫీ తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం తక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. మూడు కప్పులూ తాగనివ్వండి, చక్కెర మాత్రం ముందు సగం చేసి, నోటికి అలవాటయ్యాక పూర్తిగా తీసేయండి.