మౌతార్గాన్‌కు ఆ శాక్సఫోన్ గొంతు ఎలా వచ్చింది?

ప్రశ్న: లిటిల్ వాల్టర్ ‘జూక్’ విన్నాను. అది నిజంగా మౌతార్గానేనా? నా 24 రంధ్రాల మౌతార్గాన్‌ని మైకు స్టాండు ముందు ఎంత ఊదినా ఆ బరువు రావడం లేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మౌతార్గానే. వాయించిన లిటిల్ వాల్టర్, అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ సంగీతంలో పేరున్న మౌతార్గాన్ వాద్యకారుడు. దాన్ని 1952లో షికాగోలో రికార్డు చేశారు, ఆ ఏడాదే అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో మొదటి స్థానం ఎక్కింది. వాల్టర్ అప్పుడు బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మడ్డీ వాటర్స్ బృందంలో ఉన్నాడు. మడ్డీ 1943లో మిసిసిపీ పత్తి చేలు వదిలి షికాగో చేరాడు. అక్కడి బార్ల గోలలో మామూలు గిటారు ఎవరికీ వినపడక, ఏడాది రెండేళ్లలోనే కరెంటు గిటారు పట్టాడు. ఆ గిటారు పక్కన మౌతార్గాన్ కూడా తేలిపోయేది. వాల్టర్ గుప్పిట్లో పట్టే చిన్న మైకును మౌతార్గాన్‌తో కలిపి బిగించి పట్టుకుని, దాన్ని యాంప్లిఫయర్‌కి తగిలించాడు. వాల్వు యాంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులుండే యాంప్లిఫయర్) మోయలేనంత సిగ్నల్ వస్తే అలల కొనలు తెగి స్వరం గరగరలాడుతుంది. రేడియో మెకానిక్కు అది రిపేరు పని, వీళ్లకేమో అదే రుచి.

ముందు మీ వాయిద్యం మార్చండి. మీది ట్రెమోలో. ఒక్కో స్వరానికి జంట రీడ్లు (గాలికి కంపించే లోహపు రేకులు) ఉండే ఆ కట్టులో స్వరం సరిగా వంగదు, అంటే కిందికి దిగదు. 10 రంధ్రాల డయాటోనిక్, సి శ్రుతిది తీసుకుని జి శ్రుతిలో వాయించండి. 2వ రంధ్రంలో గాలి పీలిస్తే షడ్జమం, 5వ దాంట్లో పీలిస్తే కైశికి నిషాదం. 3వ దాంట్లో పీలుస్తూ స్వరాన్ని కాస్త దించితే అంతర గాంధారం సాధారణ గాంధారమవుతుంది. బ్లూస్ ఏడుపంతా అక్కడే ఉంది. దించడానికి గట్టిగా పీల్చకండి, రీడు పాడవుతుంది. నోరు ‘ఈ’ నుంచి ‘ఊ’కి మారినట్టు నాలుకను వెనక్కి లాగండి.

ఇక మైకును స్టాండు నుంచి తీసి చేత్తో పట్టుకోండి. రెండు అరచేతులూ మౌతార్గాన్, మైకు చుట్టూ డొప్పలా మూసుకోవాలి. చిటికెనవేలి దగ్గర సందు మిగిలిందా, స్వరం పలచబడుతుంది. మామూలు పాటల మైకును గిటారు యాంప్‌కి నేరుగా పెడితే సిగ్నల్ చాలదు, మధ్యలో మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 5 వాట్ల వాల్వు యాంప్ చాలు. వాల్యూమ్ సగం, ట్రెబుల్ బాగా తక్కువ, బేస్ కాస్త ఎక్కువ. కీచుమంటే స్పీకరుకు దూరం జరిగి వాల్యూమ్ దించండి. పెద్ద హాలయితే పెద్ద యాంప్ కొనకండి, అది అంత తేలిగ్గా గరగరలాడదు. చిన్న యాంప్ స్పీకరు ముందే ఇంకో మైకు పెట్టండి.

ప్రశ్న: ‘12 బార్ల బ్లూస్’ లెక్క ఏమిటి? రాక్‌కీ దానికీ సంబంధముందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: బారంటే తాళంలో ఒక చుట్టు, బారుకు 4 దెబ్బలు. జి, సి, డి అనేవి కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. జి శ్రుతిలో జి 4 బార్లు, సి 2, జి 2, డి 1, సి 1, జి 2. మళ్లీ మొదటికి తిప్పాలంటే 12వ బారులో డి వేస్తారు. సంబంధానికొస్తే, బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ పేరే మడ్డీ 1950 పాటలోది. 1964లో వాళ్లు షికాగో వెళ్లి, మడ్డీ రికార్డులు తీసిన చెస్ కంపెనీ స్టూడియోలోనే పాడారు. కొత్తవాళ్లు తప్పేది 8వ బారులో: జి మీద ఇంకా నాలుగు దెబ్బలుండగానే డి మీదికి దూకేస్తారు. కాలితో తాళం వేస్తూ బార్లు పైకి లెక్కపెట్టండి.