గీతలు రెండూ ఎడమవైపే పడ్డాయి

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. ఏడు నెలల క్రితం స్వల్పంగా పక్షవాతం వచ్చి తగ్గింది. ఇప్పుడు మళ్లీ కారు తీస్తున్నారు. రెండుసార్లు మా గేటు స్తంభానికే గీసుకుంది, రెండుసార్లూ ఎడమవైపే. ‘లైసెన్స్ ఇంకా రెండేళ్లుంది, నాకు బాగానే కనిపిస్తోంది’ అంటారు. బెంగళూరులో ఉన్న తమ్ముడేమో ‘తాళాలు దాచెయ్ అక్కా’ అంటాడు. మా బాబును మాత్రం ఏదో సాకు చెప్పి ఆటోలో స్కూలుకు పంపుతున్నాను. – గుంటూరు నుంచి ఒక కూతురు

జవాబు: బాబును ఆటో ఎక్కిస్తున్నారంటే మీకు జవాబు తెలుసమ్మా, నాన్నగారితో అనడానికే నోరు రావడం లేదు. కానీ ఆ కారుకు ఎదురొచ్చే పిల్లల సంగతి?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వయసు కాదు, ఆ ఎడమవైపు. పక్షవాతం తర్వాత కొందరికి రెండు కళ్లలోనూ ఒక పక్క చూపు పోతుంది, లేదా కళ్లు బాగానే ఉన్నా మెదడు ఆ పక్కను పట్టించుకోవడం మానేస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ లోపం ఉన్న సంగతి చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. కాబట్టి ‘బాగానే కనిపిస్తోంది’ అని ఆయన అంటున్నది అబద్ధం కాకపోవచ్చు. భోజనం దగ్గర చూడండి, కంచంలో ఎడమవైపు వేసిన కూర అలాగే వదిలేసి మళ్లీ వడ్డించమంటున్నారా? గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగులుతోందా? ఇవేవీ లేవు కదా అని నిశ్చింతగా ఉండకండి, పరీక్ష చేయించాల్సిందే. అక్షరాల బోర్డు చదివించే పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు, కంటి డాక్టర్‌ను విజువల్ ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంతమేర కనిపిస్తోందో చూసే పరీక్ష) అని అడిగి చేయించండి, ఆ రిపోర్టు పట్టుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. అంతవరకూ కారు తీయకూడదు. పక్కన కూర్చుని పరీక్షిద్దామని మీరూ సాహసం చేయొద్దు.

లైసెన్స్ మాటకొస్తే, 55 దాటాక ఒకసారికి ఐదేళ్లకే ఇస్తారు, 40 దాటిన వాళ్లకు డాక్టర్ ఫారం 1ఎ అనే ఆరోగ్య ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. (ఆ సంతకాలు కొన్నిచోట్ల ఎలా వస్తాయో మనందరికీ తెలుసు.) ఎంత నిజాయతీగా చూసి పెట్టినా అది ఆ రోజు ఆరోగ్యానికే, ఆయనకు పక్షవాతం వచ్చింది ఆ తర్వాత కదా. ఇన్సులిన్ కూడా ఉంది కాబట్టి షుగర్ 70 కంటే పడిపోతే చెమటలు, తడబాటు, స్టీరింగ్ ముందు అది తెలిసేలోపే జరగాల్సింది జరిగిపోవచ్చు. ఆ సంగతీ డాక్టర్‌తో మాట్లాడండి.

తాళాలు దాచడం మాత్రం వద్దు. ఇల్లంతా వెతుకుతారు, దొరక్కపోతే మెకానిక్‌ను పిలుస్తారు, ఆ తర్వాత మీ మాట అసలు వినరు. గీతల సంగతి ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు ముందే పంపండి, ‘ఇప్పుడప్పుడే వద్దండీ’ అన్నమాట డాక్టర్ నోటినుంచే రానివ్వండి. కూతురు చెబితే పెత్తనం, డాక్టర్ చెబితే వైద్యం! పక్షవాతం తర్వాత మళ్లీ డ్రైవింగ్ చేస్తున్నవాళ్లూ ఉన్నారు, అది పరీక్షలు తేల్చాలి, మీరూ నేనూ కాదు.

ఒకవేళ వద్దనే తేలితే ఆయనకు పోయేది కారొక్కటే కాదు. పొద్దున్నే రైతుబజారు, సాయంత్రం స్నేహితులు, ఎవర్నీ అడగకుండా బయటికి వెళ్లి రావడం. తెలిసిన ఆటో అబ్బాయిని నెలకు మాట్లాడండి, కానీ ఫోన్ చేసి పిలిచేది నాన్నగారే కావాలి, మీరు కాదు. తమ్ముడిని కూడా ఫోన్లో సలహాలు ఆపి ఒక వారం సెలవు పెట్టి రమ్మనండి, మొదటి నాలుగు రోజులూ ఆ ఆటోలో నాన్నగారి పక్కన అతన్ని కూర్చోమనండి.