పెరట్లో పెద్దకాయ టమాటా: పూత ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: కావలి దగ్గర మా ఇంటి వెనక మూడు సెంట్ల పెరడు ఉంది. ఎర్ర ఇసుక నేల, బోరు నీళ్లు. మా బంధువులు అమెరికా నుంచి వస్తూ ‘బ్రాండీవైన్’, ‘చెరొకీ పర్పుల్’ అనే పెద్దకాయ టమాటా గింజలు తెచ్చారు. డిసెంబరు నడుమ నారు పోసి, సంక్రాంతి వెళ్లాక పన్నెండు మొక్కలు నాటాను. నిలువెత్తు పెరిగాయి. పూత గుత్తులు గుత్తులుగా వచ్చింది గానీ నిలవలేదు. ఇప్పుడు మార్చి ఆఖరు. మొత్తం మీద ఎనిమిది కాయలున్నాయి. అవీ వంకరటింకరగా, తొడిమ దగ్గర పగిలి ఉన్నాయి. రెండు మొక్కలు పచ్చగా ఉండగానే వాడి చచ్చిపోయాయి. పూత నిలవాలని వారానికోసారి యూరియా వేశాను. ఏం మందు కొట్టాలి?
– ఒక రైతు, కావలి మండలం

జవాబు: మీ ప్రశ్నలో అసలు సంగతి ‘డిసెంబరు నడుమ నారు పోసి’ అన్న ముక్కలోనే ఉంది. ఈ వేడిలో ఏ మందు కొట్టినా ఈ రకాల పూత నిలవదు. అక్టోబరు మొదటి వారంలో నారు పోసి ఉంటే ఇవే గింజలు మీకు ఫిబ్రవరిలో కాయలిచ్చేవి.

టమాటాలో పిందె కట్టడం రాత్రి చల్లదనం మీద ఆధారపడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే పుప్పొడి చక్కగా తయారవుతుంది. 24 దాటితే పిందె తగ్గుతుంది. పగలు 35 దాటితే పుప్పొడి చాలావరకు గొడ్డుపోతుంది. మన తీరంలో రాత్రులు 20 డిగ్రీల దరిదాపుల్లో ఉండేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మొదటి సగం, అంతే. మీ మొక్కలు పూతకొచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది. పైగా వేడి దెబ్బ తగిలేది విచ్చిన పువ్వుకు కాదు. పువ్వు విచ్చడానికి ఒకటి రెండు వారాల ముందు, మొగ్గలో పుప్పొడి తయారయ్యే దశలోనే అది అన్నిటికంటే ఎక్కువ దెబ్బతింటుంది. అందుకే నాలుగు రోజులు మబ్బు పట్టి చల్లబడినా అప్పుడు విచ్చిన పూత కూడా రాలిపోతుంది.

సంతలో దొరికే సంకర రకాల కాయ 80–100 గ్రాములు ఉంటుంది, కొంత వేడికి ఓర్చుకుంటుంది. అరకిలో దాకా తూగే కాయ సంగతి వేరు. దాన్ని అడ్డంగా కోస్తే రెండు మూడు అరలు కాదు, పది పైచిలుకు కనిపిస్తాయి. అన్ని అరల్లోనూ గింజ పట్టాలంటే పుప్పొడి దండిగా పడాలి. చాలినంత పడకపోతే పిందె రాలుతుంది, లేదా ఒక పక్క ఎదిగి మరో పక్క ఎదగక వంకర తిరుగుతుంది. మీ ఎనిమిది కాయల్లో ఒక వంకర కాయను కోసి చూడండి, లొట్టపడిన వైపు గింజలు తక్కువగా ఉంటాయి.

రాలిన పువ్వును కూడా ఒకటి చేతిలోకి తీసుకోండి. తొడిమ మధ్యలో చిన్న ముడి ఉంటుంది. ఆ ముడి దగ్గర పసుపుబారి, ముట్టుకోగానే ఊడి వచ్చిందంటే పిందె కట్టక మొక్క తానే వదిలేసిందని అర్థం. రేకుల నడుమ పసుపు గొట్టంలా కనిపించేవి కేసరాలు. పుప్పొడి ఆ గొట్టం లోపలి వైపుకే రాలుతుంది. గొట్టం చివర నుంచి సన్నటి ఆకుపచ్చ మొన (పుప్పొడిని అందుకునే కీలాగ్రం) బయటికి పొడుచుకొచ్చి ఉంటే, రాలిన పుప్పొడి దానికి అందదు. కొన్ని పాత రకాల్లో ఈ గుణం పుట్టుకతోనే ఉంటుంది, వేడికి ఇంకా ఎక్కువవుతుంది.

యూరియా వెంటనే మానేయండి. నత్రజని మోతాదు మించితే మొక్క ఆకూ కొమ్మా వేస్తుంది, పూతను పట్టించుకోదు. కాయ వంకర్లకూ, తొడిమ దగ్గర పగుళ్లకూ కూడా అది సాయం చేసి ఉంటుంది.

వచ్చే సీజనుకు లెక్క ఇలా వేసుకోండి. నారు పోయడం అక్టోబరు 1–10. నాటడం నవంబరు మొదటి పది రోజుల్లో. ఈ రకాలు నాటిన 35–40 రోజులకు పూతకొస్తాయి, అంటే డిసెంబరు నడుమ. పిందె నుంచి పండుకు 50–60 రోజులు. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి ఆఖరు దాకా కోతలు. మార్కాపురం, గిద్దలూరు వైపు చలికాలం రాత్రులు తీరం కంటే చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడి వాళ్లకు ఇంకో వారం పది రోజుల వెసులుబాటు ఉంటుంది. కావలిలో మీకు లేదు.

దీంతో వచ్చే చిక్కల్లా ఈశాన్య రుతుపవనాలు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరుల్లోనే పడుతుంది, వాయుగుండాలూ అప్పుడే. అందుకని నారు నేల మీద పోయవద్దు. ప్రోట్రేలో (గుంటలుండే ప్లాస్టిక్ ట్రే) కోకోపిట్ (కొబ్బరి పొట్టు), వర్మికంపోస్టు కలిపి నింపి, గుంటకు ఒక గింజ అర అంగుళం లోతున పెట్టండి. ట్రేను బల్ల మీద పెట్టి, పైన పాలిథిన్ కప్పు, చుట్టూ 50 మెష్ (అంగుళానికి 50 కళ్లుండే) నైలాన్ వల కట్టండి. పైకప్పు వానకు, వల తెల్లదోమకు. నారు మొదలు నీరు పట్టినట్టు మెత్తబడి పడిపోతుంటే అది నారుకుళ్లు. నీళ్లు తగ్గించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పోయండి. నాటే రోజున వాయుగుండం హెచ్చరిక ఉంటే తొందరపడకండి. మొక్కల్ని అర లీటరు కప్పుల్లోకి మార్చి వారం పది రోజులు ఆపినా నష్టం లేదు. ట్రేలోనే వేర్లు చుట్టుకుపోయేలా వదిలేస్తే మాత్రం మొక్క గిడసబారుతుంది.

నేలను అడుగు ఎత్తు బోదె చేసి దాని మీద నాటండి. మొక్కకు మొక్కకు రెండున్నర అడుగులు, వరుసకు వరుసకు మూడు అడుగులు. ఒక్కో గుంటలో బాగా చివికిన పశువుల ఎరువు 2 కిలోలు, వేపపిండి 100 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 30 గ్రాములు మట్టిలో కలపండి. మీది ఇసుక నేల కాబట్టి వేపపిండి మానవద్దు, అలాంటి నేలల్లో వేరుబుడిపె నులిపురుగులు ఎక్కువ. చెరువు మట్టి తోలి కలపాలనుకుంటే నాలుగో వంతుకు మించవద్దు, వానాకాలంలో నీరు పట్టి వేర్లు ఊపిరాడక చస్తాయి. మొక్కను కింది ఆకులు తుంచి, కాండం మూడో వంతు మట్టిలోకి పోయేలా లోతుగా నాటండి. టమాటా కాండానికి మట్టి తగిలిన చోటల్లా వేర్లు పుడతాయి.

పైపాటుగా నాటిన నెలకు మొదలుపెట్టి మూడు వారాలకోసారి, నాలుగు దఫాలు, మొక్కకు యూరియా 5 గ్రాములు, పొటాష్ 8 గ్రాములు చాలు. బోరు నీరు ఉప్పగా ఉంటే మామూలు పొటాష్ (మ్యూరేట్ ఆఫ్ పొటాష్) బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. ఆ నీటినీ ఒకసారి పరీక్ష చేయించండి. రొయ్యల చెరువుల చుట్టుపక్కల బోర్లు ఉప్పుబారడం మామూలే. నీటి విద్యుత్ వాహకత (ఇ.సి., అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 1.7 డెసిసీమెన్స్ దాటితే టమాటా దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అలాంటప్పుడు వాన నీళ్లు పట్టుకుని కలిపి పోయడం తప్ప వేరే దారి లేదు.

ఇవి పొద రకాలు కావు. కాపు ఉన్నంతకాలం ఎదుగుతూనే ఉంటాయి. సరుగుడు కర్ర ఏడు అడుగులది తెచ్చి అడుగున్నర భూమిలోకి దిగ్గొట్టి, నాటిన రోజే పాతండి. తరవాత పాతితే వేర్లు తెగుతాయి. పాత చీర పీలికతో కర్రకూ కాండానికీ మధ్య ‘8’ అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ఆకు చంకలో వచ్చే పిలకల్ని వేలెడు పొడవు కాకముందే గిల్లేసి, ఒకటి లేదా రెండు కొమ్మల్నే పైకి పోనివ్వండి. అయితే మన ఎండకు ఆకును మరీ పలచన చేయకూడదు, కాయ మీద తెల్లటి ఎండదెబ్బ మచ్చ పడుతుంది.

పూతకొచ్చాక రోజూ పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య, మంచు ఆరాక, గుత్తి వెనక కాండాన్ని వేలితో నాలుగుసార్లు మీటండి. పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక భాగం ఆనించినా చాలు. తీరపు తేమకు పుప్పొడి ముద్దకట్టి గొట్టంలోనే ఉండిపోతుంది, ఆ అదురుకు రాలుతుంది. హార్మోను మందులకంటే ఇది మేలు.

మొదటి గుత్తిలో ఒక్కోసారి రెండు మూడు పువ్వులు అతుక్కుని ఒకే పెద్ద పువ్వులా వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది గానీ దాని కాయ ముడతలు పడి, మచ్చలతో ఎందుకూ పనికిరాదు. గిల్లేయండి. గుత్తికి రెండు, మహా అయితే మూడు పిందెలు ఉంచి మిగతావి తీసేస్తేనే కాయ సైజుకొస్తుంది.

పగుళ్లకు, కాయ అడుగున నల్లగా తోలులా మారే కుళ్లుకు, రెంటికీ మూలం ఎక్కువగా నీటి హెచ్చుతగ్గులే. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు మడి నింపితే గుజ్జు ఒక్కసారిగా ఉబ్బి, పలచటి తోలు చీలుతుంది. రోజూ మొక్కకు 2 లీటర్లతో మొదలుపెట్టి, కాయ ఊరేటప్పుడు 4 లీటర్ల దాకా, ఒకే వేళకు ఇవ్వండి. మొక్క మొదలు చుట్టూ నాలుగంగుళాల మందాన వరి గడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ పరవండి. అడుగు కుళ్లుకు కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు పిచికారీ చేయవచ్చు. నీరు సరిదిద్దకుండా అదొక్కటే కొడితే ఫలితం ఉండదు.

చచ్చిన రెండు మొక్కల సంగతి. ఆకు పసుపుబారకుండా, పచ్చగా ఉండగానే తలలు వాల్చాయంటే బాక్టీరియా వడలు తెగులు అని అనుమానించాలి. ఈసారి అలా వాడితే మొదలు దగ్గర జానెడు ముక్క కోసి, గాజుగ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో తగిలేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలధారలాంటి తెల్లటి దారాలు కిందికి జారితే అదే. మందు లేదు. ఆ చోట కనీసం మూడేళ్లు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పెట్టకండి. జొన్న, మొక్కజొన్న వేసుకోవచ్చు. పెరడు చిన్నది, వేరే చోటు లేదంటారా, 18 అంగుళాల గ్రోబ్యాగుల్లో కొత్త మట్టితో పెంచండి. లేదా ఈ తెగులును తట్టుకునే వంగ మొదలు మీద అంటు కట్టిన నారు వాడండి. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం టమాటాకు ఈ పద్ధతినే సిఫారసు చేసింది. వంగ వేరు నీటి ముంపును కూడా తట్టుకుంటుంది కాబట్టి మన నవంబరు వానలకు రెండు విధాలా లాభం. ఒక్క జాగ్రత్త: లోతుగా నాటమని పైన చెప్పింది అంటు మొక్కకు వర్తించదు. అతుకు మట్టిలోకి పోతే టమాటా సొంత వేర్లు వేసి, తెగులును మళ్లీ లోపలికి తెచ్చుకుంటుంది.

ఈ పాత రకాలకు ఆకుముడత వైరస్‌ను తట్టుకునే శక్తి లేదు. ముడుచుకుని చిన్నబోయిన మొక్క కనబడితే జాలిపడక పీకి కాల్చేయండి, తెల్లదోమ దాని మీద నుంచి పక్కదానికి అంటిస్తుంది. పసుపు రంగు జిగురు అట్టలు రెండు మూడు, పదిరోజులకోసారి వేపనూనె (1500 పి.పి.ఎం.) లీటరుకు 5 మి.లీ. పెరటికి సరిపోతాయి. కాయతొలుచు పురుగును పన్నెండు మొక్కల్లో చేత్తోనే ఏరవచ్చు. చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే తల్లి పురుగు గుడ్లు వాటి మీద పెడుతుంది. ఇంట్లో కూరకు లోటు రాకుండా అర్క రక్షక్ అనే సంకర రకం టమాటా మొక్కలు ఓ నాలుగు పక్కన పెట్టుకోండి. అది ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది.

గింజల గురించి ఒక మాట. విదేశాల నుంచి విత్తనం తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవన్న ధ్రువపత్రం) కావాలి. ఇది కాగితాల తంతు అనుకోకండి, టమాటా వైరస్‌లు కొన్ని గింజతోనే వస్తాయి. ఈ రకాల పేర్లలో ఆకర్షణ చాలా ఉంది లెండి. ‘మార్ట్‌గేజ్ లిఫ్టర్’ (తాకట్టు అప్పు తీర్చేది అని అర్థం) అనే ఇంకో పెద్దకాయ రకాన్ని పశ్చిమ వర్జీనియాలో ఒక రేడియేటర్ మెకానిక్ తయారుచేసి, 1940లలో నారు మొక్క డాలరు చొప్పున అమ్మి 6,000 డాలర్ల ఇంటి అప్పు తీర్చాడంటారు. అక్కడ కాసింది కదా అని కావలి ఎండలో కాస్తుందనుకోకూడదు.

ఇక ఇప్పుడున్న మొక్కలు. వేసవి దాటించి మళ్లీ కాయించాలని చూడకండి, తెల్లదోమను పెంచడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. కాయల్ని చెట్టున పూర్తిగా పండనివ్వకండి. 30 డిగ్రీలు దాటితే ఎరుపు రంగు సరిగా పట్టదు. అడుగున కాస్త రంగు తిరగ్గానే కోసి, ఇంట్లో నీడపట్టున తొడిమ కిందికి ఉండేలా పరచండి, ఫ్రిజ్‌లో వద్దు. భుజాలు ఆకుపచ్చగా మిగిలిపోతే తెగులు కాదు, పాత రకాలకు అది సహజం. వాటిలో వంకర లేని కాయ, వైరస్ లేని మొక్కది ఒకటి ఉంటే గింజకు ఉంచండి. ఇవి సంకరాలు కావు కాబట్టి గింజ నుంచి అదే రకం వస్తుంది. గుజ్జుతో సహా గింజల్ని గాజు సీసాలో వేసి రెండు రోజులు పులియనిచ్చి, పైకి తేలినవి పారబోసి, అడుగున ఉన్నవి కడిగి, పింగాణీ పళ్లెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అతుక్కుపోతాయి. బాగా ఆరాక మూత బిగువుగా ఉండే డబ్బాలో పెట్టి, మీద రకం పేరు, ‘అక్టోబరు 1’ అని రాసి దాచండి.