కిట్ బ్యాగ్‌కి 150 డాలర్లు: టికెట్ కొన్నప్పుడు ఎందుకు కనపడలేదు?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 13 ఏళ్లు, క్రికెట్ అంటే ప్రాణం. జూన్‌లో నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో టోర్నమెంట్ ఉంటే నేనూ వాడూ వెళ్లాం. రానూపోనూ ఒక ఎయిర్‌లైన్‌లో మనిషికి 212 డాలర్లు, ఇంకోదాంట్లో 176 ఉంటే తక్కువదే కొన్నాను. డాలస్ కౌంటర్‌లో వాడి కిట్ బ్యాగ్‌ని టేపు పెట్టి కొలిచి, మామూలు బ్యాగ్ ఫీజు 40 కాక ఓవర్‌సైజ్ అంటూ ఇంకో 150 కట్టించుకున్నారు. తిరుగు ప్రయాణంలో అదే ఎయిర్‌లైన్, అదే బ్యాగ్. 'స్పోర్ట్స్ ఐటమ్ కదా' అని 40తో సరిపెట్టారు! ఈ ఏడాది ఇంకో రెండు టోర్నమెంట్లకి విమానంలో వెళ్లాలి. సంక్రాంతికి హైదరాబాద్ మీదుగా విశాఖపట్నం కూడా వెళ్తున్నాం, కిట్ వెంట తెస్తానంటున్నాడు. బ్యాగ్ ఫ్రీ అంటున్నారు కాబట్టి ఎయిర్‌లైన్ క్రెడిట్ కార్డు తీసుకోమంటారా? ఈ ఖర్చుల వల్ల వాడి 529 ఖాతాలో (కాలేజీ చదువుకి దాచే పొదుపు ఖాతా) నెలనెలా వేసే 250 డాలర్లు రెండు నెలలుగా ఆపాను.

జవాబు: ముందు ఆ 150 డాలర్ల సంగతి చూద్దాం. అవి తిరిగి వచ్చే అవకాశం ఉంది.

అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్లు ఒకప్పుడు సైకిల్ లాంటి ఆట సామాన్లకి ఒక్కో వైపు 150 డాలర్ల దాకా అదనంగా తీసుకునేవి. 2019 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, జూలైలో డెల్టా ఈ పద్ధతి మార్చుకున్నాయి. ఆట సామాను 50 పౌండ్లు, అంటే సుమారు 23 కిలోలు దాటకపోతే మామూలు బ్యాగ్ ఫీజు చాలు, సైజు ఎక్కువైనా అదనం లేదన్నాయి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి ఆ ఎయిర్‌లైన్ పెట్టిన గరిష్ఠ పరిమితి దాటకూడదు, అంతే. అన్ని ఎయిర్‌లైన్లూ ఇదే పాటిస్తాయని కాదు. మీరు వెళ్లిన ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో ప్రత్యేక సామాన్ల పేజీ తెరిచి చూడండి. అక్కడ ఇలాంటి మినహాయింపు ఉంటే తిరుగు ప్రయాణంలో తీసుకున్న ఫీజే సరైనది, డాలస్ కౌంటర్‌లో మామూలు సూట్‌కేస్ రూల్ వేశారన్నమాట. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, రెండు రసీదులూ జతచేసి ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో వాదించి లాభం లేదు. రాతపూర్వక ఫిర్యాదు అందిందని 30 రోజుల్లో చెప్పాలి, 60 రోజుల్లో జవాబివ్వాలి. ఇది ఫెడరల్ నిబంధన. అప్పటికీ తేలకపోతే అమెరికా రవాణా శాఖకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజేమీ లేదు. ఒకే బ్యాగ్‌కి రెండు చోట్ల రెండు రకాలుగా వేశారన్న రసీదుల కంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు.

ఇక టికెట్ కొనేటప్పుడు ఇదంతా ఎందుకు కనపడలేదన్నది. తప్పు మీదేం కాదు. 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్ తన అదనపు ఫీజులన్నీ వెబ్‌సైట్‌లో ఒకచోట పెట్టాలి, హోమ్‌పేజీ నుంచి దానికి లింక్ ఇవ్వాలి. టికెట్ కొన్నాక వచ్చే ఈమెయిల్‌లో క్యాబిన్ బ్యాగ్, మొదటి చెక్-ఇన్ బ్యాగ్, రెండో చెక్-ఇన్ బ్యాగ్ ఫీజులు చెప్పాలి. అక్కడితో ఆగిపోయింది. కిట్ బ్యాగ్ మీద పడే ఓవర్‌సైజ్ ఫీజు ఆ ఈమెయిల్‌లో ఉండక్కర్లేదు. ఫీజుల పేజీలో ఎక్కడో ఉంటే చాలు. మీరు రెండు టికెట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే చోట అది రాదు.

2024 ఏప్రిల్‌లో రవాణా శాఖ ఇంకో అడుగు వేసింది. టికెట్ ధర మొదటిసారి చూపించే చోటే బ్యాగ్ ఫీజులు, టికెట్ మార్చుకునే ఫీజు, రద్దు ఫీజు కూడా చూపించాలని రూల్ తెచ్చింది. ఎయిర్‌లైన్లు కోర్టుకెళ్లాయి. జూలైలో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని నిలిపేసింది. చాలామంది అది అమల్లోకి వస్తే ఈ బాధలు తీరిపోయేవనుకుంటారు. మీ విషయంలో అది కూడా నిజం కాదు. అందులో ఉన్నది క్యాబిన్ బ్యాగ్, మొదటి రెండు చెక్-ఇన్ బ్యాగ్‌లు మాత్రమే. ఆట సామాను ప్రస్తావన అందులోనూ లేదు. క్రికెట్ బ్యాట్‌ని క్యాబిన్‌లోకి ఎలాగూ రానివ్వరు కాబట్టి చెక్-ఇన్ చేయడం మీకు తప్పనిసరి. అయినా దాని ఫీజు మాత్రం వెతుక్కుంటే తప్ప కనపడని చోట ఉండొచ్చని ఇప్పటి నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ చట్టం మారేదాకా వెతకాల్సింది మనమే.

అందుకని మిగిలిన రెండు టోర్నమెంట్లకి టికెట్ కొనే ముందు బ్యాగ్ కొలవండి. చక్రాలు, హ్యాండిల్ కలిపి కొలవాలి, కౌంటర్‌లో అలాగే కొలుస్తారు. మామూలు బ్యాగ్ పరిమితి మూడు కొలతలూ కలిపి 62 అంగుళాలు, అంటే 158 సెంటీమీటర్లు. చక్రాలున్న పెద్ద క్రికెట్ కిట్ బ్యాగ్‌లు చాలా వరకు దీన్ని దాటిపోతాయి. 38 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 14 ఎత్తు ఉంటే 66 అయింది. మీ అబ్బాయి వయసు పిల్లలు వాడే బ్యాట్ 33 అంగుళాలకి అటూ ఇటూగా ఉంటుంది. 35 అంగుళాల పొడవున్న చక్రాల్లేని డఫెల్ బ్యాగ్‌లో అది పట్టేస్తుంది. మిగిలిన 27 అంగుళాల్లో ప్యాడ్స్, హెల్మెట్, గ్లవ్స్ సర్దుకోవచ్చు. హెల్మెట్‌లో గ్లవ్స్ కుక్కేస్తే చోటు ఇంకా కలిసొస్తుంది. బ్యాగ్ 62 లోపే ఉంటే అది ఆట సామానా, సూట్‌కేసా అన్న వాదనే రాదు. ఎయిర్‌లైన్ లిస్టులో గోల్ఫ్, స్కీ, హాకీ రాసి క్రికెట్ రాయకపోయినా మీకు టెన్షన్ ఉండదు. ఇంత చెప్పినా వాడు చక్రాల బ్యాగే కావాలంటే, ఎయిర్‌లైన్‌తో చాట్‌లో 'క్రికెట్ కిట్, ఇన్ని అంగుళాలు, ఇన్ని పౌండ్లు, ఎంత అవుతుంది' అని అడిగి ఆ జవాబు ఫోన్‌లో దాచుకోండి.

టికెట్లు పోల్చేటప్పుడు కిట్ రానూపోనూ ఫీజు కలిపే పోల్చండి. జూన్‌లో మీరు టికెట్ల మీద ఇద్దరికీ కలిపి 72 డాలర్లు మిగుల్చుకుని, బ్యాగ్ మీద 150 ఎక్కువ పెట్టారు. అలాగని 212 టికెట్ కొనుంటే లాభపడేవారని నేనను. ఆ ఎయిర్‌లైన్ కిట్‌కి ఎంత వేసేదో మీరూ చూడలేదు కదా. పాత అలవాటుతో కూడా జాగ్రత్త. రెండు బ్యాగ్‌లు ఫ్రీ అని డాలస్‌లో మనవాళ్లు చాలామంది లవ్ ఫీల్డ్ నుంచి సౌత్‌వెస్ట్‌లో వెళ్లేవారు. 2025 మే 28 నుంచి కొన్న టికెట్లకి ఆ సౌకర్యం పోయింది. చాలా టికెట్ల మీద మొదటి బ్యాగ్‌కి 35, రెండోదానికి 45 డాలర్లతో వసూలు మొదలుపెట్టారు.

క్రెడిట్ కార్డు గురించి. ఈ కార్డుల్లో సాధారణంగా మొదటి చెక్-ఇన్ బ్యాగ్ ఫ్రీ, అదీ ఎక్కువ కార్డుల్లో మామూలు సైజూ బరువూ ఉంటేనే. ఓవర్‌సైజ్ ఫీజుకి కార్డు అడ్డుపడదు. అంటే డాలస్‌లో మీరు కట్టిన 190లో కార్డు 40 ఆపేది, 150 ఆపేది కాదు. ఏడాదికి మూడు ప్రయాణాలు, రానూపోనూ ఆరు సార్లు, సారికి 40 చొప్పున 240 డాలర్లు. ఇలాంటి కార్డుల వార్షిక ఫీజు తరచుగా 100 నుంచి 150 దాకా ఉంటుంది. ప్రతిసారీ ఒకే ఎయిర్‌లైన్‌లో వెళ్తేనే ఓ వంద మిగులుతుంది. కొన్ని కార్డుల్లో టికెట్ కూడా ఆ కార్డుతోనే కొనాలి, కొన్నింట్లో దేశం లోపలి ప్రయాణాలకే వర్తిస్తుంది. ఈ రెండూ చదువుకుని, ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టే అలవాటుంటే తీసుకోండి. బ్యాలెన్స్ మిగిల్చే అలవాటుంటే ఆ వంద రెండు మూడు నెలల వడ్డీకే సరి. కార్డు ఉందని ఎక్కువ ధర టికెట్ కొనడం మొదలుపెడితే ఇక లెక్కే తప్పుతుంది.

529 మాత్రం ఈ నెల నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది అదే. అందులోంచి క్రికెట్ ప్రయాణాలకి తీసే వీలు ఎలాగూ లేదు, తీస్తే లాభం మీద పన్నూ, 10 శాతం పెనాల్టీ పడతాయి. అంటే వాడి చదువు డబ్బు ఆపి ఆట ఖర్చు భరిస్తున్నారు. బ్యాగ్ ఫీజు చిన్నదే. రెండు టికెట్లు, హోటల్, అద్దె కారు, టోర్నమెంట్ ఫీజు కలిపితే ఒక్కో ప్రయాణం ఎంతయిందో కూర్చుని రాయండి. జూన్ ప్రయాణం బిల్లులు మీ దగ్గరున్నాయి, దాన్ని మూడింతలు చేసి పన్నెండుతో భాగించండి. వచ్చిన మొత్తాన్ని నెలనెలా వేరే సేవింగ్స్ ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. 529కి వేశాక అంత మిగలకపోతే, మూడు టోర్నమెంట్లు రెండు కావాలి. హ్యూస్టన్ లాంటి దగ్గరి ఊళ్లలో ఉంటే కారులో పోండి, కిట్ డిక్కీలో ఎంత పెద్దదైనా ఎవరూ టేపు పట్టుకురారు.

బ్యాగ్ ఆలస్యమైతే ఏంటన్నది కూడా తెలుసుకోండి. 2024 అక్టోబర్ చివరి నుంచి, దేశం లోపలి ప్రయాణంలో బ్యాగ్ 12 గంటలకి మించి ఆలస్యంగా చేరితే దానికి కట్టిన ఫీజు వాపసు ఇవ్వాలి. బ్యాగ్ రాలేదని ఎయిర్‌లైన్‌కి రిపోర్ట్ ఇచ్చి ఉండాలి. పోయినా, పాడైనా దేశం లోపల ఎయిర్‌లైన్ బాధ్యత పరిమితి 2025 జనవరి నుంచి ఒక్కో ప్రయాణికుడికి 4,700 డాలర్లు. బ్యాట్ కొన్న రసీదు దాచి ఉంచండి.

సంక్రాంతి ప్రయాణంలో అసలు చిక్కు హైదరాబాద్ దాటాక వస్తుంది. డాలస్ నుంచి విశాఖ దాకా ఒకే టికెట్ మీద కొంటే, మొదట ఏ బ్యాగేజ్ రూల్ వర్తించిందో చివరిదాకా అదే వర్తించాలి. అమెరికాలో మొదలయ్యే టికెట్లకి ఇది నిబంధన. అమెరికా నుంచి ఇండియా వచ్చే టికెట్ల మీద 23 కిలోల బ్యాగ్‌లు రెండు ఇవ్వడం మామూలే కాబట్టి కిట్ హాయిగా వచ్చేస్తుంది. కానీ మనవాళ్లు తరచుగా హైదరాబాద్ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి విశాఖకి వేరే టికెట్ కొంటారు. ఆ రెండో టికెట్ మీద ఎకానమీలో చెక్-ఇన్ పరిమితి చాలావరకు 15 కిలోలే. వాడి కిట్టే ఇంచుమించు అంత తూగుతుంది, బట్టలు ఇంకా పెట్టనేలేదు. అదనపు బరువుకి కిలోకి కొన్ని వందల రూపాయలు పడతాయి. 2016లో ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 15 నుంచి 20 కిలోల మధ్య బరువుకి కిలోకి 100 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టింది కానీ, మరుసటి ఏడాదే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇండియాలో ఆట సామానుకి ఎయిర్‌లైన్లు విడిగా ఛార్జ్ చేయడానికి డీజీసీఏ అనుమతి ఉంది. అయితే మీరు కావాలని ఎంచుకుంటేనే అలాంటి ఛార్జీలు వేయాలి, ముందే టిక్ పెట్టి ఉంచకూడదు.

కాబట్టి ఒకే టికెట్ దొరికితే ధర కాస్త ఎక్కువైనా అదే మేలు. దొరక్కపోతే, అదనపు బరువు ఆన్‌లైన్‌లో ముందే కొనండి, కౌంటర్‌లో కొంటే సాధారణంగా ఇంకా ఎక్కువ. లేదా హైదరాబాద్ నుంచి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కండి. థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోల దాకా ఉచితం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ రోజులకి గంటల్లో అయిపోతుంది, అందుకని నవంబర్ రెండో వారానికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ప్రతి ఏడాదీ వెళ్లేవాళ్లయితే ప్యాడ్స్, హెల్మెట్ ఒక సెట్ ఇండియాలోనే కొని తాతగారింట్లో వదిలేసి రండి. అప్పుడు వాడు బ్యాట్, గ్లవ్స్ తెచ్చుకుంటే చాలు.