లూర్దుమాత నాటకం వేయిస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

మాత పండుగకు జ్ఞానోపదేశం పిల్లల చేత లూర్దుమాత దర్శనాల నాటకం వేయిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఫ్రాన్సులోని లూర్దులో, 1858లో, ఒక గుహ దగ్గర బెర్నదెత్త అనే బీదపిల్లకు మరియమాత కనిపించిన కథ అది. విన్న పూటంతా నాకు కాలు నిలవలేదు, ఎదురుపడిన వాళ్లందరికీ చెప్పాను. రాత్రి పడుకున్నాక ఒక్కొక్క భయమే మొదలైంది. ఫోనులో చెబితే నువ్వు మధ్యలోనే "సరే పెద్దమ్మా" అంటావు. అందుకని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

మన గుడి ఫాదర్ గారి అనుమతి ముందే తీసుకో. మైకు ముందు రోజే చూసుకో. పిల్లలకు వేషాలు వేయకముందే అన్నం పెట్టించు. ఇవి నీకు తెలిసినవే.

నిప్పు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. 1858 ఏప్రిల్ 7న కొవ్వొత్తి మంట బెర్నదెత్త వేళ్లకు తగులుతున్నా చెయ్యి కాలలేదనీ, పక్కనే ఉండి చూశాననీ డాక్టర్ దోజూ చెప్పాడు. ఆ ఘట్టాన్ని నిజం కొవ్వొత్తితోనే చూపిస్తానన్నావట. వద్దంటే వద్దు. నైలాను ముసుగులు వేసుకున్న పదేళ్ల పిల్లలు, చుట్టూ గుడ్డలతో కట్టిన గుహ, పైన తాటాకు పందిరి. ఎవరి బిడ్డ చెయ్యి పందెం పెడతావు? పక్కన నిలబడిన పిల్లవాడు ఆ మాట చెబితే చాలు. ప్రదక్షిణ సన్నివేశంలో కూడా బ్యాటరీ దీపాలే వాడు. లూర్దులో రాత్రిపూట వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని "ఆవె మరియ" పాడుతూ నడుస్తారు నిజమే, కాని వాళ్లు ఆరుబయట నడుస్తారు.

ఇక కథ. గుహతో మొదలుపెట్టకు. ఆ ఇంటితో మొదలుపెట్టు. తండ్రి ఫ్రాన్స్వా మిల్లు చేజారిపోయింది, కూలి పని కూడా రోజూ దొరకదు. ఒకప్పుడు జైలుగా వాడి పనికిరాదని వదిలేసిన ఒకే గదిలో ఆరుగురు. పిండి దొంగిలించాడన్న అనుమానంతో ఆ తండ్రిని పోలీసులు పట్టుకుపోయి కొన్నాళ్లు లోపల పెట్టారు కూడా. పద్నాలుగేళ్ల బెర్నదెత్తకు ఉబ్బసం. చదవడం రాదు, ప్రథమ సత్ప్రసాదం కూడా ఇంకా తీసుకోలేదు. ఫిబ్రవరి 11, గురువారం, ఇంట్లో పొయ్యిలోకి పుల్లలు లేక చెల్లెలితో, మరో పిల్లతో కలిసి గావ్ నది ఒడ్డుకు వెళ్లింది. మిగతా ఇద్దరూ చన్నీళ్లలోకి దిగి అవతలికి వెళ్లిపోయారు. ఈ పిల్ల ఆయాసానికి భయపడి వెనకే ఆగి మేజోళ్లు విప్పుకుంటోంది. అప్పుడు గాలి హోరు వినిపించింది. చెట్లు చూస్తే కదలడం లేదు.

ఈ భాగం నువ్వు బాగా రాస్తావు. ఊపిరి అందకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలుసు. చిన్నప్పుడు చలికాలం వస్తే నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని గోడకు ఆనుకుని తెల్లవార్లూ గడిపేవాళ్లం, ఒక రాత్రి మీ అమ్మ, ఒక రాత్రి నేను. అన్నట్టు, పందిరి కట్టేచోట దుమ్ము లేస్తుంది. మొక్కుకున్న దానిలా అక్కడే నిలబడి చీపురు పట్టకు. ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకో.

అమ్మవారి వేషానికి తొమ్మిదో తరగతిలో అందరికంటే పొడుగైన అమ్మాయిని ఎంచుకున్నావని విన్నాను. మార్చు. ఆమె చిన్నది, నా అంతే ఉంది అని బెర్నదెత్త చెప్పింది. తెల్లని దుస్తులు, నీలి నడికట్టు, ఒక్కో పాదం మీద ఒక్కో పసుపు గులాబి, చేతికి జపమాల. శిల్పి ఫబీష్ అవన్నీ అడిగి తెలుసుకుని 1864లో పాలరాతి స్వరూపం చేసిపెడితే, చూసి ఆ పిల్ల ఇది ఆమె కాదనేసింది. ఈరోజు మన గుళ్లలో, ఇళ్లలో, క్యాలెండర్లలో ఉన్నదంతా ఆ స్వరూపమే. కిరీటాలూ, మెరుపు అంచులూ తగ్గించు.

మాటలు రాసేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకో. మొదటి రెండుసార్లు ఆమె ఏమీ మాట్లాడలేదు. ఫిబ్రవరి 18న కాగితం, కలం ఇచ్చి పేరు రాయమంటే నవ్వి, పదిహేను రోజులు ఇక్కడికి వచ్చే దయ చూపుతారా అని అడిగింది. ఊరంతా ఏమే అని పిలిచే బీదపిల్లను ఆమె మన్నించి మాట్లాడింది. నీ ప్రతిలో ఆమె ఆ పిల్లను "నువ్వు" అనకూడదు, "మీరు" అనాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను టీచరుగా కొత్తగా చేరిన ఊళ్లో ఇదే నాటకం వేశారు. తెర వెనక మాటలు అందించే పని నాది. ఫిబ్రవరి 25 నాటి సన్నివేశం పెద్దలు వద్దన్నారు. ఆ రోజు అమ్మవారు ఊటకు వెళ్లి తాగండి, కడుక్కోండి అంటుంది. అక్కడ ఊట లేదు. బెర్నదెత్త నేలను చేత్తో గీరుతుంది. వచ్చిన బురద మూడుసార్లు పారబోస్తుంది, నాలుగోసారి తాగుతుంది. మొహం నిండా బురద, నోట్లో గడ్డి. చుట్టూ ఉన్న జనం దీనికి పిచ్చి పట్టిందని తిరిగి వెళ్లిపోయారు. ఇది చూపిస్తే మాతకు అవమానమని మన పెద్దల వాదన. తీసేశారు. తీసేసరికి బెర్నదెత్త చేతులు జోడించి మెరిసే బొమ్మగా మిగిలింది. ఆ వేషం వేసిన హాస్టల్ పిల్లకు పన్నెండేళ్లు ఉంటాయేమో. నాటకం అయ్యాక వేషం తీయనివ్వకుండా తేరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆడవాళ్లు వరుస కట్టారు. కాళ్లకు మొక్కారు, జపమాలలు తాకించుకున్నారు, ఒళ్లో చిల్లర వేశారు. ఒకామె జ్వరంతో ఉన్న చంటివాణ్ణి తెచ్చి నీ చెయ్యి పెట్టమ్మా అంది. ఆ పిల్ల పెట్టింది. పెద్దవాళ్లు పెట్టమన్నారు మరి.

ఆ బిడ్డ దక్కలేదు. ఆ కబురు ఈ పిల్ల చెవిన పడింది. తర్వాత అన్నం ముట్టలేదు, గుడిలోకి రాలేదు. రాత్రిళ్లు లేచి కూర్చునేది. అడిగితే ఒకటే మాట: "నేను సరిగా ప్రార్థన చేయలేదు టీచర్."

ఆ పిల్ల పక్కన కూర్చుని నేను అసలు బెర్నదెత్త కథ చెప్పాను. జనం ఆమెకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. జపమాలలు దీవించమంటే అది గురువుల పని అని పంపేసింది. మార్చి 4న వేలమంది ఏదో జరుగుతుందని తెల్లవారకముందే వచ్చి కూర్చుంటే ఏ అద్భుతమూ జరగలేదు, ఆమె జపమాల చెప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత నెవేర్ మఠంలో చేరి ఆయాసంతో, మోకాలి వాపుతో మంచాన పడి 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. ఊట కనిపెట్టిన పిల్లకు ఆ ఊట నీళ్లతో జబ్బు నయం కాలేదు. ఈ లోకంలో సుఖం మాట ఇవ్వలేనని అమ్మవారు ఆమెతో ముందే అంది. మాత నన్ను చీపురులా వాడుకుంది, పని అయ్యాక చీపురును తలుపు వెనక పెడతారు, నా చోటు అదే అని బెర్నదెత్త సంతోషంగా చెప్పుకుంది. ఈ మాట విన్నాక ఆ పిల్ల ఏడ్చింది. మర్నాడు కొద్దిగా గంజి తాగింది. మామూలు మనిషి కావడానికి చాలా కాలం పట్టింది.

అందుకే చెబుతున్నాను. తెర పడగానే నువ్వే వెళ్లి ఆ పిల్ల వేషం తీయించు, మొహం కడిగించు, వాళ్లమ్మ చేతికి అప్పగించు. ఎవరు బతిమాలినా వేదిక దిగాక ఎవరినీ మొక్కనివ్వకు. బురద సన్నివేశం ఉంచు, నిండుగా ఉంచు. చూసేవాళ్లలో కొందరు నవ్వుతారు, నవ్వనివ్వు.

బెర్నదెత్తను ప్రశ్నించిన పోలీసు అధికారి జకోమెను, లూర్దు గుడి గురువు ఫాదర్ పెరమాల్‌ను దుష్టపాత్రలు చేయకు. గుడి కట్టమంటోందని పిల్ల వచ్చి చెబితే పెరమాల్ కసిరాడు, పేరు కనుక్కు రమ్మన్నాడు, చలికాలంలో అడవి గులాబి పూయించమను అన్నాడు. ఆ స్థానంలో ఉన్న గురువు అడగవలసినవే అడిగాడు. మార్చి 25న, మంగళవార్త పండుగ నాడు, "నేను అమలోద్భవిని", అంటే జన్మపాపం లేకుండా పుట్టినదాన్ని, అన్న జవాబును మరిచిపోకుండా దారి పొడవునా వల్లె వేసుకుంటూ వచ్చి ఆ పిల్ల ఆయన ముందు అప్పజెప్పింది. పోపు తొమ్మిదో భక్తినాథులు ఆ విశ్వాస సత్యాన్ని ప్రకటించి అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు, అక్షరం రాని ఈ పిల్లకు ఆ మాట తెలిసే వీలు లేదు. పెరమాల్ అక్కడ చలించాడు. అయినా లూర్దు మీద అధికారం ఉన్న తార్బ్ బిషప్ లోరాన్స్ విచారణ జరిపించి 1862 జనవరి 18న గాని దర్శనాలు నిజమని ప్రకటించలేదు. తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, ఎంత నెమ్మదిగా నమ్మిందో మన పిల్లలకు తెలియాలి. ఈనాటికీ అక్కడి వైద్య కార్యాలయంలో స్వస్థతలను డాక్టర్లు పరీక్షిస్తారు. వేలమంది మాకు నయమైందని చెప్పుకున్నా అద్భుతాలుగా ప్రకటించినవి 70 దాటి కొద్దిమాత్రమే. ఈ అంకె వ్యాఖ్యాత చేత చెప్పించు. రోగి పిల్లవాడితో ముందు వరుసలో కూర్చున్న తల్లి అది వినాలి, మందులు మానకూడదు. ఫిబ్రవరి 11ను రెండో జాన్ పాల్ పోపు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు. లూర్దులో మంచం పట్టినవాళ్ల బండ్లే ప్రదక్షిణలో ముందు నడుస్తాయి, వాటిని తోసేది సెలవు పెట్టి వచ్చిన మామూలు మనుషులు. ఆ ఊట వల్ల జరిగినవాటిలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

మన గుణదల మాట కూడా రెండు ముక్కల్లో రానివ్వు. ఫాదర్ అర్లాటి 1924లో ఆ కొండ మీద లూర్దుమాత స్వరూపం నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, మతమేదైనా మెట్లెక్కేవాళ్లు ఎందరో నీకు తెలుసు. ఆ మెట్లెక్కే మనిషికి నీ నాటకం అర్థం కావాలి.

ముగింపు జూలై 16 దర్శనం పెట్టు. అప్పటికి అధికారులు గుహకు దడి కట్టించారు. బెర్నదెత్త నది అవతలి గట్టున మోకరించింది. దడీ నదీ కనిపించలేదని, ఆమె అంత అందంగా ఎప్పుడూ కనిపించలేదని చెప్పింది. అక్కడ వేదిక మీద అమ్మవారు రానవసరం లేదు, పిల్ల మొహం చాలు.

రాసిన కాగితాలు ఈ వారంలోనే నాకు పంపు, ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను, నొచ్చుకోకు. 9వ తేదీ ఉదయం బస్సుకు వస్తున్నాను. తెర వెనక మాటలు అందించే పని ఇంకెవరికీ ఇవ్వకు.

మీ పెద్దమ్మ