మీ ప్రశ్న – మా జవాబు: క్యారెట్ మెషీన్ అంకెను ఎంతవరకు నమ్మాలి?

పాత బంగారం మార్పిడి గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ చుట్టూనే తిరిగాయి. ఎక్స్-కిరణాలు పంపి, లోహం నుంచి తిరిగి వచ్చే కిరణాలను బట్టి బంగారం నూటికి ఎంతో చెప్పే యంత్రమిది. అంగళ్లలో దీన్నే క్యారెట్ మెషీన్ అంటారు. ఎంపిక చేసినవాటికి ఇక్కడ జవాబులు.

నాలుగు కాసుల గొలుసు మార్చుకుందామని రెండు షాపులకు వెళ్లాను. ఒకచోట మెషీన్‌లో 91.84 వచ్చింది, ఇంకోచోట 90.96. గంటలో గొలుసు మారిపోదు కదా! ఇద్దరిలో ఎవరిది మోసం?
– గృహిణి, తణుకు

ఎవరిదీ కాకపోవచ్చు. మెషీన్ మీ గొలుసు మొత్తాన్ని పరీక్షించలేదు. ఎక్స్-కిరణాలు పడిన చోటు సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. లోతు సంగతి ఇంకా అన్యాయం. బంగారం పరమాణువుల నుంచి వచ్చే 9.71 కేఈవీ (కిరణం శక్తికి కొలత) కిరణాన్ని పైనున్న బంగారమే మింగేస్తుంది కాబట్టి, దాదాపు పది మైక్రాన్ల కిందున్న లోహం సంగతి మెషీన్‌కు తెలియదు. తల వెంట్రుక మందం అంతకు ఏడెనిమిది రెట్లు ఉంటుంది.

ఆ పైపొర గొలుసు లోపలి లోహంలాగే ఉంటుందన్న హామీ లేదు. మెరుగు పెట్టేటప్పుడు యాసిడ్‌లో ముంచితే పైనున్న రాగి కొంత కరిగిపోయి బంగారం శాతం ఎక్కువగా కనిపిస్తుంది. పైన బంగారు నీరు పోసి ఉంటే మరీ ఎక్కువ. అతుకుల దగ్గర ఇది తిరగబడుతుంది. టంకంలో బంగారం తక్కువ, జింకో కాడ్మియమో ఎక్కువ. సన్న లింకుల గొలుసైతే కిరణంలో కొంత భాగం ఖాళీల్లోంచి కిందికి పోతుంది. వంపు ఉన్నచోట కిరణాలు బయటికి వచ్చే కోణం మారి, రాగి, బంగారం సంకేతాల నిష్పత్తి కూడా మారుతుంది.

ఉదాహరణకు ఒకే గొలుసు మీద అయిదు చోట్ల 91.7, 91.5, 91.8, 89.6, 91.6 వచ్చాయనుకోండి. 89.6 వచ్చిన చోటును భూతద్దంలో చూస్తే అతుకు కనిపించే అవకాశం ఎక్కువ. మిగతా నాలుగింటి మధ్య తేడా వెయ్యికి మూడు వంతులే. నగ మీద ఆ మాత్రం ఊగిసలాట మామూలే. చుక్క తర్వాత రెండు అంకెలు చూపించినంత మాత్రాన మెషీన్‌కు అంత ఖచ్చితత్వం ఉన్నట్టు కాదు.

మీ 32 గ్రాముల మీద ఆ రెండు రీడింగుల తేడా దాదాపు 0.28 గ్రాముల మేలిమి బంగారం. అది చిన్న మొత్తం కాదు కాబట్టి బేరానికి ముందే రెండు అడగండి: శుభ్రం చేసి, అతుకులు తప్పించి కనీసం అయిదు చోట్ల పెట్టమనండి, ఒక్కో చోట 30 సెకన్లు కాకుండా 120 సెకన్లు ఉంచమనండి. సమయం నాలుగింతలైతే లెక్కింపులోని ఊగిసలాట సగానికి తగ్గుతుంది. కరిగించి చూద్దామంటే అతుకుల లోహం కూడా కలిసి రీడింగ్ కొంత తగ్గుతుంది. అది మోసం కాదు, గొలుసు అసలు సగటు అదే. అయితే కరిగించిన బిళ్లను పైన ఆకురాయితో రుద్ది, రెండు వైపులా పెట్టి చూడాలి. వెలిగారం మరకల మీద తీసిన రీడింగ్ పనికిరాదు.

మా కొట్లో మెషీన్ ఉదయం 91.6 చూపించిన ముక్కకే మధ్యాహ్నం 92.0 చూపిస్తోంది. రోజూ వెండి బిళ్ల పెట్టి క్యాలిబ్రేషన్ చేస్తూనే ఉన్నాను. ఇంకేం చేయాలి?
– నగల వ్యాపారి, ప్రొద్దుటూరు

వెండి బిళ్ల చేసేది సగం పనే. దాని 22.16 కేఈవీ శిఖరాన్ని (ఒక్కో లోహం కిరణాలకు స్క్రీన్ మీద లేచే గుట్టను) సరైన చోట కూర్చోబెడుతుంది, అంతే. ఏ శిఖరం ఎంత ఎత్తుంటే ఎంత శాతమో చెప్పే లెక్క వేరు. దానికి సర్టిఫికెట్ ఉన్న ప్రామాణిక బంగారు ముక్కలు కావాలి. 24 క్యారెట్ బిస్కెట్ ఒక్కటి పెట్టి 22 క్యారెట్ లెక్క సరిచేయడం కుదరదు. వెండి, రాగి కలిసినప్పుడు ఒకదాని కిరణాలను ఇంకొకటి మింగడం, రెచ్చగొట్టడం జరుగుతుంది. అందుకే మీరు కొనే నగల మిశ్రమానికి దగ్గరగా 750, 916, 995 (వెయ్యికి అన్ని వంతుల బంగారం) ముక్కలైనా ఉండాలి.

మీరు చెప్పిన జరుగుడుకు మొదట అనుమానించాల్సింది వేడిని. గది ఉష్ణోగ్రత మారితే డిటెక్టర్ (కిరణాలను పట్టే భాగం) సంకేతం పక్కకు జరుగుతుంది. పాత రకం గ్యాస్ డిటెక్టర్లలో ఇది మరీ ఎక్కువ. మెషీన్‌ను అరగంట ముందే ఆన్ చేయండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. స్టెబిలైజర్ తప్పనిసరి. ఆపైన 916 ప్రామాణిక ముక్కను స్పిరిట్‌తో తుడిచి ఉదయం మూడుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు పెట్టి, సగటును నోటుపుస్తకంలో రాయండి. సర్టిఫికెట్ అంకెకు వెయ్యికి రెండు వంతులు మించి తేడా వస్తే కొనుగోళ్లు ఆపి, మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. ఆ పుస్తకం వారం రోజులు నింపితే తప్పు వేడిదో, ఎక్స్-కిరణాల ట్యూబుదో మీకే తెలుస్తుంది.

బంగారంలో ఇరిడియం కలిపితే మెషీన్ పట్టుకోలేదంటారు. నిజమేనా?
– స్వర్ణకారుడు, సికింద్రాబాద్

మెషీన్‌ను బట్టి ఉంటుంది. ఇరిడియం అనే బరువైన లోహం శిఖరం 9.18 కేఈవీ దగ్గర, బంగారానిది 9.71 దగ్గర. సిలికాన్ డ్రిఫ్ట్ అనే మెరుగైన రకం డిటెక్టర్ ఈ రెండింటినీ విడదీస్తుంది. గ్యాస్ డిటెక్టర్లో రెండూ కలిసి ఒకే గుట్టలా కనిపిస్తాయి, ఇరిడియం బంగారం ఖాతాలో పడుతుంది. ఇలాంటిదే మరో లోహం రుథీనియం శిఖరం 19.28 దగ్గర దూరంగానే ఉంటుంది, కానీ ప్రోగ్రామ్‌లో ఆ మూలకం పేరు లేకపోతే అదీ వృథాయే. చాలా మెషీన్లు తెలిసిన మూలకాలన్నీ కలిపి 100 వచ్చేలా సర్దుతాయి. నిజంగా 91.6 శాతం బంగారం, 2 శాతం తెలియని లోహం ఉందనుకోండి. మిగతా 98ని 100గా చేసేసరికి బంగారం 93.5 అయి కూర్చుంటుంది! కాబట్టి అంకెతో ఆగకుండా స్పెక్ట్రమ్ గీతను (శిఖరాలన్నీ కనిపించే గ్రాఫును) తెరిచి, పేరు పెట్టని శిఖరం ఏదైనా ఉందేమో చూడండి.

ఇరిడియం బంగారంలో కరగదు, గట్టి రేణువులుగా మిగిలిపోతుంది. బంగారం కంటే బరువు కాబట్టి మూస అడుగుకు చేరుతుంది. పైన, అడుగున రీడింగులు పొంతన లేకుండా వస్తే, పాలిష్ చేసేటప్పుడు తోకచుక్కల్లాంటి గీతలు పడితే అనుమానించండి. లోహాన్ని కొలిమిలో పెట్టి బంగారాన్ని విడదీసి తూచే కుపెల్ పరీక్షను కూడా ఇది మోసం చేస్తుంది. నైట్రిక్ యాసిడ్‌లో కరగకుండా బంగారంతోనే ఉండిపోయి బరువు పెంచుతుంది.

చిలకలపూడి గాజుకు మెషీన్ 40 శాతం బంగారం చూపించింది. అందులో అంత బంగారం ఉందా?
– మచిలీపట్నం

లేదు. పైన పలచని బంగారు పూత, కింద రాగి లేక ఇత్తడి. కిరణం పూతను దాటి కింది లోహాన్నీ చూసి, రెండూ కలిసిన మిశ్రమమనుకుని శాతం కట్టింది. పూత మందమైతే ఇంకా ఎక్కువే చూపించేది. లోపలి వైపు కనపడని చోట చిన్న గీటు పెట్టి, అక్కడ మళ్లీ రీడింగ్ తీస్తే బండారం బయటపడుతుంది.

హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ నగకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉన్న 22కే916 నగకు షాపు మెషీన్ 90.8 అంది. హాల్‌మార్క్ అబద్ధమా?
– ఉద్యోగి, వరంగల్

షాపు మెషీన్ మాట మీద ఆ నిర్ణయానికి రాకండి. ముందు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కొట్టి, వచ్చిన నగ రకం, స్వచ్ఛత మీ చేతిలోని నగతో సరిపోతున్నాయా చూడండి. గాజు అని వచ్చి మీ చేతిలో ఉంగరం ఉంటే అసలు సమస్య అక్కడే ఉంది. సరిపోతే బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి వెళ్లండి. నాలుగు నగల వరకు రుసుము 200 రూపాయలు, పన్ను అదనం. అక్కడ ఎక్స్‌ఆర్‌ఎఫ్ తొలి చూపు మాత్రమే. అసలు తీర్పు ఐఎస్ 1418 అనే భారత ప్రమాణం ప్రకారం చేసే కుపెల్ పరీక్షది. నగ నుంచి గీకి తీసిన కొద్దిపాటి లోహాన్ని వెండితో పాటు సీసపు రేకులో చుట్టి కొలిమిలో పెడతారు. సీసం, రాగి కుపెల్ అనే చిన్న గిన్నెలోకి ఇంకిపోతాయి, వెండిని నైట్రిక్ యాసిడ్ తీసేస్తుంది, మిగిలిన బంగారాన్ని తూస్తారు. గీకిన చోటు మచ్చ పడుతుందని ముందే తెలుసుకుని వెళ్లండి.

916 అంటే 916కు తగ్గకూడదనే, కిందికి సడలింపు లేదు. తగ్గిందని రిపోర్టు వస్తే బీఐఎస్ నియమాలు 2018 ప్రకారం నగ బరువు మీద లోటు విలువకు రెట్టింపు, పరీక్ష ఖర్చు అమ్మినవారు ఇవ్వాలి. అందుకు కొన్న బిల్లు కావాలి.