కొత్త కార్డు కొనేముందు తెర మార్చి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరున్న పల్చటి లాప్‌టాప్‌కు థండర్‌బోల్ట్ 3 పోర్టు (బయటి పరికరాలను వేగంగా కలిపే పోర్టు) ద్వారా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డును బయటి నుంచి తగిలించారు, ఆటలు మునుపటికంటే నయమే గానీ, అదే కార్డు డెస్క్‌టాప్‌లో ఇచ్చే వేగంలో సగం కూడా రావడం లేదు, ఇంతకంటే పెద్ద కార్డు కొంటే ఫలితం ఉంటుందా అని. ఉండదనే నా సమాధానం. మీ కార్డు ఇప్పటికే సగం సమయం పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోంది. దాని స్థానంలో ఇంకా బలమైనదాన్ని పెడితే, అది ఇంకా ఎక్కువసేపు ఎదురుచూస్తుంది.

నాదీ దాదాపు మీలాంటి అమరికే కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను. నా లాప్‌టాప్‌లో ఉన్నది నాలుగు కోర్ల ఐ5-8265యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో నాణెం పద్ధతి మారి, దానికి గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చేసే (లెక్కలు కట్టి నాణేలు సంపాదించే) పని ముగిసిపోయాక, వాడిన కార్డులు బజారులోకి వెల్లువెత్తాయి. ఆ చలికాలంలో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో నాలుగైదు దుకాణాలు తిరిగి జీటీఎక్స్ 1660 సూపర్ ఒకటి తెచ్చుకుని, థండర్‌బోల్ట్ ఎన్‌క్లోజర్‌లో (కార్డును బయట ఉంచి కరెంటు అందించే పెట్టెలో) పెట్టి, ఎంతో ఆశతో ఆట మొదలుపెడితే ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) 40ల దగ్గరే తచ్చాడాయి. దుకాణదారు నాసిరకం కార్డు అంటగట్టాడని రెండు రోజులు తిట్టుకున్నాను. తప్పు అతనిది కాదు, నేను లాప్‌టాప్ తెర మీదే ఆడుతున్నాను.

ఇక్కడ జరిగేదేమిటంటే, బయట ఉన్న కార్డు తయారుచేసిన ప్రతి ఫ్రేమూ లాప్‌టాప్ తెర మీద కనిపించాలంటే, వచ్చిన కేబుల్ గుండానే వెనక్కి ప్రయాణించి, ర్యామ్‌లోకి నకలై, లోపలి ఇంటెల్ గ్రాఫిక్స్ చేతి మీదుగా తెరకు చేరాలి. 1920×1080 తెర మీద ఒక్కో ఫ్రేము సుమారు 8.3 ఎంబీ ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 500 ఎంబీ, 144 అయితే 1.2 జీబీ. కేబుల్‌లో రాకకూ పోకకూ వేర్వేరు దారులున్న మాట నిజమే అయినా, ఆ నకలు తీసే పని, దానికోసం ఆగే సమయం, ర్యామ్ మీద పడే బరువు కలిసి వేగాన్ని బాగా తినేస్తాయి. ఒక మానిటర్ తెచ్చి, దాని కేబుల్‌ను నేరుగా కార్డు వెనుక ఉన్న పోర్టుకు గుచ్చితే ఈ తిరుగు ప్రయాణమే ఉండదు. అదే ఆట, అవే సెట్టింగ్స్, నాకు ఫ్రేములు 55 దాటాయి. మానిటర్ కొన్నవారిలోనూ కొందరు దాన్ని లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించి, తేడా ఏమీ లేదని వాపోతారు. అక్కడ తగిలిస్తే ఫ్రేము మళ్లీ వెనక్కి రావలసిందే. మానిటర్ కార్డుకు తగిలాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ తెర ఒక్కటే పనిచేసేలా ఎంచుకోండి. రెండు తెరలూ వెలుగుతుంటే కొన్ని ఆటలు పట్టుబట్టి లోపలి గ్రాఫిక్స్ మీదే మొదలవుతాయి.

రెండో సంగతి కేబుల్ మోయగలిగే బరువు. పెట్టె మీద 40 గిగాబిట్లని రాసి ఉన్నా, థండర్‌బోల్ట్ 3లో గ్రాఫిక్స్ కార్డు డేటాకు నిజంగా దక్కేది 22 గిగాబిట్ల దగ్గర, అంటే సెకనుకు సుమారు 2.75 జీబీ. డెస్క్‌టాప్‌లో కార్డు కూర్చునే పదహారు లేన్ల (డేటా దారుల) పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాటు దాదాపు 16 జీబీ మోస్తుంది. దారి ఇంత ఇరుకైనా ఆట వేగం ఆరో వంతుకు పడిపోకపోవడానికి కారణం, టెక్స్చర్లలో (ఆటలోని వస్తువుల మీద పరిచే బొమ్మలలో) చాలా భాగం ఒకసారి కార్డులోని మెమరీకి చేరాక అక్కడే ఉండిపోవడం. ప్రతి ఫ్రేముకూ కేబుల్ దాటవలసింది ప్రాసెసర్ ఇచ్చే ఆదేశాలు, కొత్తగా కావలసిన సామగ్రి మాత్రమే.

ఈ ఒక్క విషయం అర్థమైతే సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలో దానంతటదే తెలిసిపోతుంది. కేబుల్ మీద భారం ఫ్రేముల సంఖ్యతో పెరుగుతుంది గానీ, ఒక్కో ఫ్రేములో పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయన్నదానితో పెద్దగా పెరగదు. అందుకే ఆట తడబడగానే రిజల్యూషన్ తగ్గించే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. 720కి దించినా ఫ్రేములు కదలవు, బొమ్మ మాత్రం అలుక్కుపోతుంది. నేను అందుకు పూర్తిగా ఎదురు వెళ్లాను: బొమ్మ నాణ్యతను పెంచి, ఫ్రేములను 60 దగ్గర కట్టేశాను. కార్డుకు చేతినిండా పని దొరికింది, కేబుల్‌కూ ప్రాసెసర్‌కూ ఊపిరి ఆడింది, మధ్యమధ్య వచ్చే కుదుపులు చాలావరకు పోయాయి. మీ 3060ను 1440 రిజల్యూషన్ మానిటర్‌తో నడిపితే డెస్క్‌టాప్‌కూ దానికీ ఉన్న దూరం తగ్గడం మీరే గమనిస్తారు. సెకనుకు 200 ఫ్రేములు కోరే పోటీ షూటింగ్ ఆటలే మీ అభిరుచి అయితే మాత్రం, ఈ అమరిక మీకు తగినది కాదని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

మీ కార్డు 12 జీబీ రకమైతే మెమరీ విషయంలో మీకు బెంగ లేదు. కొత్తగా కొనేవారు మాత్రం 4 జీబీ కార్డుల జోలికి వెళ్లకూడదు, ఎందుకంటే మెమరీ నిండిపోయిన మరుక్షణం టెక్స్చర్లు ఆ ఇరుకు కేబుల్ మీదుగా ర్యామ్‌కూ కార్డుకూ మధ్య తిరగడం మొదలుపెడతాయి. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ, 4 జీబీ మెమరీతో, నాలుగే లేన్లతో, పాత డెస్క్‌టాప్‌లలోనే ఈ కారణంగా ఇబ్బంది పెట్టింది.

అసలు ఏది ఎవరి కోసం ఆగుతోందో కనిపెట్టడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం చాలు. ఆట నడుస్తుండగా కార్డు వాడకం శాతాన్నీ, ప్రాసెసర్‌లోని ఒక్కో కోరు వాడకాన్నీ విడివిడిగా తెర మీద చూపించేలా పెట్టుకోండి. మొత్తం ప్రాసెసర్ శాతాన్ని చూసి మోసపోకండి, నాలుగు కోర్లలో ఒక్కటి నిండిపోయినా ఆట వేగం అక్కడే ఆగిపోతుంది. కార్డు 95 దాటి ఉంటే అది తన పని తాను చేస్తున్నట్లే. కార్డు 60 దగ్గర ఉండి ఒక కోరు నిండిపోయి ఉంటే లోపం ప్రాసెసర్‌ది. రెండూ తీరిగ్గా ఉండి ఫ్రేములు రాకపోతే కేబుల్‌నో లేన్లనో అనుమానించాలి. ఆ కాలపు కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో థండర్‌బోల్ట్ పోర్టుకు నాలుగు లేన్లకు బదులు రెండే ఇచ్చారు, పోర్టును చూసి ఆ తేడా పోల్చలేం. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం చెప్పేది ఎన్‌క్లోజర్ లోపలి లింకు గురించి మాత్రమే కాబట్టి దాన్ని నమ్మకుండా, ఐడా64 అనే ప్రోగ్రాంలోని జీపీజీపీయూ పరీక్షతో కార్డుకు డేటా వెళ్లే వేగాన్ని కొలవండి. సెకనుకు 2,000 ఎంబీ దాటితే నిశ్చింతగా ఉండవచ్చు, అంతకు బాగా తక్కువలోనే ఆగిపోతే మీకు రెండు లేన్లే ఉన్నాయని అనుమానించవచ్చు. తీర్పు చెప్పేముందు కేబుల్ కూడా మార్చి చూడండి. బల్ల అవతలి చివరకు అందుతుందని నేను రెండు మీటర్ల కేబుల్ ఒకటి కొన్నాను, వేగం పడిపోయింది. థండర్‌బోల్ట్ 3లో మామూలు పాసివ్ కేబుల్ (లోపల సంకేతాన్ని బలపరిచే చిప్పు లేనిది) అంత పొడవైతే 20 గిగాబిట్లకే పరిమితమవుతుందని తర్వాత తెలిసింది. ఎన్‌క్లోజర్‌తో వచ్చే పొట్టి కేబులే మేలు.

ప్రాసెసర్ దగ్గర మనం చేయగలిగింది కొంచెమే అయినా, చేయదగినదే. మన యూ శ్రేణి (పల్చటి లాప్‌టాప్‌ల) చిప్పులకు నిర్ణయించిన విద్యుత్తు 15 వాట్లు. ఆట మొదలైన కాసేపు ఎక్కువ వాడుకుని, తర్వాత ఆ గీటుకు దిగిపోతాయి. బొమ్మ గీసే పని బయటికి పోవడం వల్ల ఆ 15 వాట్లూ ప్రాసెసర్‌కే మిగలడం ఒక లాభం. హైదరాబాద్ మే నెలలో, ఫ్యాను నిండా దుమ్ముతో, ఆ లాభం నిలిచే వీలు లేదు. నేను వెనుక మూత తీసి ఫ్యాను శుభ్రం చేసి, థర్మల్ పేస్టు మార్చి, లాప్‌టాప్‌ను స్టాండు మీదికి ఎత్తాను. ఖాళీగా ఉన్న స్లాటులో రెండో 8 జీబీ ర్యామ్ వేయడంతో డ్యూయల్ చానల్ (రెండు ర్యామ్‌లూ ఒకేసారి డేటా అందించే పద్ధతి) పనిచేసి, కుదుపుల విషయంలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఇదే ఎక్కువ ఫలితమిచ్చింది. త్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంతో ప్రాసెసర్ వోల్టేజి తగ్గించి వేడి తగ్గించే ఉపాయాన్ని చాలామంది సూచిస్తారు గానీ, 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం (వోల్టేజి మార్పుల ద్వారా దాడికి వీలిచ్చేది) బయటపడ్డాక వచ్చిన బయోస్ అప్‌డేట్లు చాలా లాప్‌టాప్‌లలో ఆ తలుపు మూసేశాయి.

డ్రైవర్ల గురించి ఒక్క మాట: డివైస్ మేనేజర్‌లో కోడ్ 12 (కార్డుకు కేటాయించడానికి వనరులు చాలలేదనే దోషం) కనిపిస్తే, లాప్‌టాప్ లోపల ఇంకో విడి గ్రాఫిక్స్ చిప్పు ఉన్నపక్షంలో దాన్ని డిజేబుల్ చేసి చూడండి, తరచు అదే సరిపోతుంది.

కరెంటు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, ఎన్‌క్లోజర్ మాత్రం ఆరిపోతుంది. ఆట మధ్యలో కార్డు మాయమైతే విండోస్ బిగుసుకుపోయి, బటన్ నొక్కిపట్టి ఆపడం తప్ప దారి ఉండదు. మీ 3060 గరిష్ఠంగా 170 వాట్లు తీసుకుంటుంది, మానిటర్ దానికి అదనం, కాబట్టి ఆ రెండూ మోయగల యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఆట సేవ్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఎస్ఎస్‌డీ ఉండే ఎం.2 స్లాటు నుంచి ఆక్యులింక్ కేబుల్ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లను నేరుగా బయటికి తెచ్చేది) లాగడం గురించి మీరు వినే ఉంటారు. థండర్‌బోల్ట్ మధ్యవర్తిత్వం లేకుండా నాలుగు లేన్లూ నేరుగా కార్డుకు అందుతాయి కాబట్టి అది నిస్సందేహంగా వేగమైనదే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉన్న కొత్త యంత్రాలలో 64 గిగాబిట్లు వస్తాయి, మన ఎనిమిదో తరంలో 3.0 మాత్రమే కనుక 32 దగ్గర ఆగుతుంది. లాప్‌టాప్ వెనుక మూత తెరిచి ఉంచాలి, ఆ స్లాటులోని ఎస్ఎస్‌డీని వదులుకోవాలి, కేబుల్ తీసినా పెట్టినా యంత్రాన్ని పూర్తిగా ఆపాలి. లాప్‌టాప్‌ను ఉదయం ఆఫీసుకు తీసుకెళ్లి సాయంత్రం ఆడుకునే నాలాంటివాడికి అది కుదరదు. ఇంటి నుంచి కదలని లాప్‌టాప్ అయితే ఆలోచించవచ్చు, కానీ అలా కదలనిదైతే ఆ 3060ను వాడిన డెస్క్‌టాప్‌లోకి మార్చడమే ఇంకా చవకైన మార్గమని నా అభిప్రాయం.

ఈ రాత్రికి స్నేహితుల దగ్గర ఒక మానిటర్ అరువు తెచ్చి కార్డుకే తగిలించి ఆడండి. ఆ తర్వాత కార్డు శాతం, కోర్ల శాతం, ఐడా64 అంకె ఈ మూడూ రాస్తే, మీ అమరికలో ఆగుతున్నది ఎక్కడో ఇంకా కచ్చితంగా చెప్పగలను.